సుగ్గికి వెళ్లే ఊళ్లో ఉన్నత పాఠశాలను గాడిలో పెట్టడం ఎలా?

ప్రశ్న: ప్రధానోపాధ్యాయుడు, ఆదోని ప్రాంతం

గత జూన్‌లో ఈ జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు బదిలీపై వచ్చాను. పదో తరగతి ఫలితాల్లో మా బడి ఏళ్లుగా మండలంలో అడుగునే ఉంటోంది. ఉదయం, సాయంత్రం అదనపు తరగతులు, రోజూ స్లిప్ టెస్టులు పెట్టినా పెద్దగా మార్పు రాలేదు. మొన్న తొమ్మిదో తరగతిలో ఒక అబ్బాయిని సాంఘిక శాస్త్రం పాఠం చదవమంటే గడగడా అప్పజెప్పాడు, కానీ వేలు ఒక పేరా మీద, మాట మరో పేరాలో ఉన్నాయి. పక్కవాడు గొణుగుతున్నది విని చెబుతున్నాడని అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. పైగా మిరప కోతల కాలం వస్తే తల్లిదండ్రులు గుంటూరు వైపు సుగ్గికి, అంటే కూలి పనుల వలసకు వెళ్తూ పిల్లలను కూడా తీసుకుపోతారు, సగం బెంచీలు ఖాళీ అవుతాయి. దేనితో మొదలుపెట్టమంటారు?

జవాబు: విశ్రాంత ఉపాధ్యాయురాలు, కర్నూలు

సార్, మీ జవాబు ఆ అబ్బాయి వేలి కిందే ఉంది. ఆరు నుంచి తొమ్మిది వరకు ప్రతి విద్యార్థినీ విడిగా కూర్చోబెట్టుకుని అక్షరాలు, పదాలు, ఒక పేరా, ఒక చిన్న కథ వరుసగా చదివించండి. గణితంలో అప్పు తెచ్చుకునే తీసివేత, భాగహారం చేయించండి. ఆ తర్వాత రోజుకు ఒక గంట తరగతితో పనిలేకుండా, ఎవరు ఎక్కడ ఆగిపోయారో దాన్ని బట్టి జట్లు కట్టి చెప్పండి. పిల్లల చదువు కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ ప్రథమ్ చాలా రాష్ట్రాల్లో అనుసరించిన పద్ధతి ఇదే. చదవడం రాని పిల్లవాడికి స్లిప్ టెస్టు పెట్టడం ఈత రానివాణ్ణి రోజూ బావిలోకి తోయడమే.

జవాబు: తల్లిదండ్రుల కమిటీ సభ్యుడు, కోసిగి వైపు

పిల్లలను చూసుకునే దిక్కు లేకనే వెంట తీసుకుపోతున్నారు సార్, చదువు మీద పట్టింపు లేక కాదు. ప్రభుత్వ పథకం సమగ్ర శిక్ష కింద, వలస వెళ్లినవారి పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునేందుకు నడిచే సీజనల్ హాస్టల్ కోసం దసరాలోపే పేర్లు రాసి పంపండి. లారీ కదిలాక ఎవరూ వెనక్కి రారు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది మహిళలు కావాలి. అయితే పగలు పదకొండు గంటలకు సమావేశం పెడితే సంతకాల పుస్తకం వస్తుంది గానీ మనుషులు రారు. రాత్రి భోజనాలయ్యాక రచ్చకట్ట దగ్గర పెట్టి చూడండి.

జవాబు: గణిత ఉపాధ్యాయుడు, అనంతపురం

మేడం చెప్పిన పద్ధతిని మా బడిలో మొదట చెడగొట్టింది మేమే. ఎనిమిదో తరగతి అమ్మాయిని ఆరో తరగతి పిల్లల మధ్య కూర్చోబెడితే సిగ్గుపడి వారం రోజులు బడికే రాలేదు, కనుక వయసును కూడా చూసి జట్లు కట్టండి. అక్షరాలు దిద్దించడం మా పని కాదని సబ్జెక్టు టీచర్లు అనకుండా ఉండాలంటే, అందరికన్నా వెనకబడిన జట్టును మీరే తీసుకోండి సార్.

ప్రశ్న వేసినవారు:

ఆ జట్టును నేనే తీసుకుంటాను. ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు అందులో చాలామంది ఉన్నారు. వారికి తెలుగు చదవడం నేర్పినవారు ఎవరైనా ఉంటే, ఎక్కడ మొదలుపెట్టారో రాయగలరు.