టవర్‌కి అందం ఎక్కడి నుంచి వస్తుంది? కుతుబ్ మినార్ చూసినప్పటి నుంచీ ఇదే ఆలోచన

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. విజయవాడలో ఆర్కిటెక్చర్ మూడో ఏడు చదువుతున్నాను. ఈ సెమిస్టర్‌లో మాకు 40 అంతస్తుల టవర్ డిజైన్ ఇచ్చారు. జ్యూరీకి (మా డిజైన్లు చూసి మార్కులు వేసే రోజు) వచ్చిన సార్ నా మోడల్ చుట్టూ ఒకసారి తిరిగి, "ఎత్తుగా ఉందమ్మా, అంతే. పైన పది అంతస్తులు కోసేసినా తేడా తెలీదు" అన్నారు. ఏడుపు ఆపుకోవడం కష్టమైంది. రూంకి వచ్చాక మోడల్ పైభాగానికి అట్టముక్క అడ్డం పెట్టి చూశాను. ఆయన అన్నది నిజమే.

కిందటి డిసెంబరులో స్టడీ టూర్‌కి ఢిల్లీ వెళ్ళాం. కుతుబ్ మినార్ కింద మెడ పట్టేసేదాకా నిలబడ్డాను. అది 72.5 మీటర్లే, నా టవర్ 128. అయినా దాన్ని చూస్తుంటే పైకి, ఇంకా పైకి చూడాలనిపించింది. నా దాన్ని చూస్తే నాకే అలా అనిపించడం లేదు. పుస్తకాల్లో ప్రపోర్షన్, రిథమ్ అని రాస్తారు. చదివితే అర్థమైనట్టే ఉంటుంది, పెన్సిల్ పట్టుకుంటే ఏమీ రాదు. ఇలాంటి కట్టడాల పక్కన బతికినవాళ్ళు, చేత్తో పనిచేసినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి. టెన్షన్‌గా ఉంది, పది రోజుల్లో మళ్ళీ జ్యూరీ.

మెహ్రౌలీవాసి:
అమ్మా, మాది తెనాలి. ఉద్యోగం వల్ల 19 ఏళ్ళు ఢిల్లీలో, కుతుబ్ ఉన్న మెహ్రౌలీలోనే అద్దెకున్నాం. బట్టలారేసే డాబా మీద నుంచి కుతుబ్ కనిపించేది. నేను ఆర్కిటెక్ట్‌ని కాను. రోజూ చూసినవాడిగా నాకు తెలిసింది చెబుతాను.

ముందు ఈ లెక్క చూడు. మొదటి అంతస్తు సుమారు 95 అడుగులు. రెండోది 51, మూడోది 41, నాలుగోది 25 పైన, అయిదోది 22 పైన. అడుగున 14.3 మీటర్ల వెడల్పు, కొసన 2.7. పైకి వెళ్ళేకొద్దీ సన్నబడుతూ, పొట్టి అవుతూ పోతుంది. అందుకే కన్ను ఎక్కడా అలసిపోదు. పెద్ద అంగతో మొదలుపెట్టి చిన్న చిన్న అంగలతో కొసకు చేరుతుంది. నీ టవర్‌లో 40 అంతస్తులూ ఒకే ఎత్తు అయి ఉంటాయి. కంటికి మొదటి మెట్టుకీ నలభయ్యో మెట్టుకీ తేడా లేకపోతే మధ్యలోనే ఆగిపోతుంది.

ఇక దగ్గరికి వెళ్ళి చూడాల్సినది. మొదటి అంతస్తులో నిలువు పక్కటెముకల్లాంటివి ఉంటాయి కదా, అవి ఒకటి గుండ్రం, ఒకటి కోణం, మళ్ళీ గుండ్రం, మళ్ళీ కోణం. రెండో అంతస్తులో అన్నీ గుండ్రమే. మూడో దాంట్లో అన్నీ కోణాలే. మొదట్లో నేను దీన్ని పట్టించుకోలేదు. ఒక జనవరి పొద్దున, మంచు విడిపోతున్న వేళ, మా ఆవిడ డాబా మీదకి పిలిచి చూపించింది. ఎండ పక్కనుంచి పడుతోంది. గుండ్రటి వాటి మీద నీడ మెల్లగా, పాలలో డికాక్షన్ కలిసినట్టు కరుగుతోంది. కోణాల మీద మాత్రం కత్తితో గీసినట్టు సగం ఎర్రగా, సగం నల్లగా ఉంది. ఒకే రాయి, ఒకే ఎండ. మధ్యాహ్నానికి ఆ గీత పక్కకి జరిగిపోయింది. ఆ తర్వాత 19 ఏళ్ళలో ఏ రెండు రోజులూ నాకు అది ఒకేలా కనిపించలేదు. నీ టవర్ మీద పొద్దున ఎండ ఎలా పడుతుందో గీసి చూశావా?

బాల్కనీల అడుగుభాగం కూడా గుర్తు తెచ్చుకో. తేనెపట్టు గదుల్లా చిన్న చిన్న గూళ్ళు ఒకదాని మీద ఒకటి ముందుకు జరుగుతూ బాల్కనీని మోస్తున్నట్టు ఉంటాయి. బరువు ఎక్కడ పడుతోందో ఆ చోటే పనితనం పెట్టారు. అంత ఎత్తులో అంత సన్నటి చెక్కడం ఎవరు చూస్తారులే అని ఆ పనివాళ్ళు అనుకోలేదు.

నాకు నచ్చనిది కూడా చెప్పాలి. పిడుగు పడి పైభాగం దెబ్బతిన్నాక 1368లో ఫిరోజ్ షా తుగ్లక్ బాగుచేయించి పై అంతస్తులు కట్టించాడు. అక్కడ తెల్ల చలవరాయి వచ్చింది, పక్కటెముకలు పోయాయి. కింద నుంచి పరుగెత్తుకొచ్చిన గీతలన్నీ అక్కడ ఒక్కసారిగా తెగిపోతాయి. చాలామంది ఆ రంగుల కలయికని మెచ్చుకుంటారు. నాకు మాత్రం ఆ చోట కన్ను తడబడుతుంది.

కొస ఎంత ముఖ్యమో తెలియాలంటే అక్కడి పచ్చికలో ఉన్న ఛత్రీ, అంటే స్తంభాల మీద కప్పు ఉన్న చిన్న మండపం, చూడాలి. 1803 భూకంపంలో మినార్ పైనున్న గుమ్మటం పడిపోయింది. 1828లో రాబర్ట్ స్మిత్ అనే ఇంజనీరు బెంగాల్ పద్ధతిలో ఒక ఛత్రీ చేయించి పైన పెట్టించాడు. 1848లో దాన్ని దింపేశారు. ఇప్పుడు నేల మీద ఉంది. విడిగా చూస్తే చక్కగానే ఉంటుంది. కానీ కింది నుంచి కొస దాకా ఒక్క ఊపులో లేచిన దాని నెత్తిన వేరే ఇంటి కప్పు తెచ్చి పెడితే అతకదు. నీ టవర్ పైభాగం ఆఖర్న ఆలోచించినదైతే దాన్ని ముందు మార్చు.

అదే ఆవరణలో అలాయి మినార్ మొండెం కూడా ఉంది. కుతుబ్‌కి రెట్టింపు ఎత్తు కట్టాలని అల్లావుద్దీన్ ఖిల్జీ మొదలుపెట్టాడు. 1316లో ఆయన పోయాక పాతిక మీటర్ల దగ్గరే ఆగిపోయింది. పైపూత రాయి లేకుండా లోపలి రాళ్ళ గుట్ట మాత్రమే మిగిలింది. దాని పక్కన నిలబడితే నాకు ఎప్పుడూ దిగులేసేది.

గచ్చుపని:
మేం మూడు తరాలుగా సున్నం పనివాళ్ళం, హైదరాబాద్ పాతబస్తీ. కుతుబ్ రాయి గురించి పెద్దాయన బాగా చెప్పారు. మా చార్మినార్ సంగతి వేరు. 1591 నాటిది. దాని అందం సగం రాతిది, సగం గచ్చుది. మినార్ల మీద పూలు, ఆకులు, గుమ్మటం కింద తామర రేకులు అన్నీ గచ్చుతో చేసినవే. గానుగలో సున్నం, ఇసుక తిప్పి తిప్పి వెన్నలా వచ్చేదాకా రుబ్బి, బెల్లం నీళ్ళు కలిపేవాళ్ళు. మా నాన్న వేళ్ళ మధ్య నలిపి, నున్నగా లేకపోతే గమేళా మొత్తం పారబోయించేవాడు. ఆరిపోయేలోపు పువ్వు తేల్చాలి. అందుకే ఏ రెండు పూలూ అచ్చు గుద్దినట్టు ఉండవు. పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలుస్తుంది.

ఇంకొకటమ్మా. చార్మినార్‌లో నాలుగు మినార్ల కంటే వాటి మధ్య ఖాళీ అందం. 11 మీటర్ల కమాను కింద నుంచి అవతలి వీధి, గాజుల దుకాణాల వెలుగు, మనుషులు కనిపిస్తారు. మినార్‌కి నేల మీద జనంతో పని ఉంది. కాంపౌండ్ గోడ, సెక్యూరిటీ గేటు వెనక నిలబడితే ఆ కళ ఎలా వస్తుంది? 2019లో ఒక మినార్ మీది గచ్చు ముక్క ఊడి పడిందని విన్న రాత్రి మా నాన్న అన్నం తినలేదు.

స్వర్ణముఖి:
మాది శ్రీకాళహస్తి. 1516లో కృష్ణదేవరాయలు కట్టించిన రాజగోపురం 2010 మే 26 రాత్రి కూలిపోయింది. పొద్దున వెళ్తే రాళ్ళు, ఇటుకల గుట్ట. దానికంటే ఎక్కువ బాధపెట్టింది పైన ఖాళీగా ఉన్న ఆకాశం. చిన్నప్పుడు ఎక్కడ తప్పిపోయినా గోపురం చూసుకుని ఇంటికి వచ్చేదాన్ని. 2017లో కొత్త గోపురానికి కుంభాభిషేకం జరిగింది, మా పిల్లలు ఇప్పుడు దాన్ని చూసుకుంటూ పెరుగుతున్నారు.

గోపురం గురించి నాకు తెలిసింది ఒకటే. ద్వారం ఉన్న కింది భాగం రాయి, గట్టిగా, నిశ్శబ్దంగా ఉంటుంది. పైన ఇటుక, సున్నంతో తేలిగ్గా కట్టి బొమ్మలన్నీ అక్కడ పెడతారు. ఒక్కో అంతస్తు పైకి పోయేకొద్దీ చిన్నదవుతుంది, అందుకే ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. దూరం నుంచి ఒకే ఆకారం, దగ్గరికొస్తే వందల బొమ్మలు, ద్వారం కింద నిలబడితే చల్లటి నీడ. మూడు దూరాల నుంచీ మూడు రకాలుగా పలకరిస్తుంది.

గాలిలెక్క:
స్ట్రక్చరల్ ఇంజనీర్‌ని, దుబాయ్‌లో ఉంటాను. ఎత్తైన టవర్‌కి పెద్ద ప్రత్యర్థి గాలి. గుండు స్తంభంలా ఒకే ఆకారంతో పైకి పోతే గాలి ఒకే లయలో సుడులు తిరిగి టవర్‌ని అటూఇటూ ఊపుతుంది. బుర్జ్ ఖలీఫా 828 మీటర్లు. మెలికలు తిరిగినట్టు మెట్లు మెట్లుగా వెనక్కి తగ్గుతూ పోతుంది కాబట్టి ఒక్కో ఎత్తులో ఒక్కో ఆకారం. సుడులకి లయ కుదరదు. తైవాన్‌లోని తైపీ 101 టవర్ మూలలు రంపపు పళ్ళలా కోసింది కూడా అందుకే. ఊపు తగ్గించడానికి దాని లోపల వేలాడే 660 టన్నుల ఉక్కు గోళాన్ని దాచకుండా సందర్శకులకి చూపిస్తారు. సన్నబడటం, మెట్లుగా తగ్గడం కంటికి నచ్చడానికీ గాలికి తట్టుకోవడానికీ రెండింటికీ పనికొస్తుంది. మీ అంతస్తుల ఎత్తు అన్నీ మార్చలేరు, లిఫ్టులు, పైపులు ఒప్పుకోవు. కానీ వాటిని గుంపులుగా కట్టొచ్చు. కింద 16, తర్వాత 11, తర్వాత 8, పైన 5.

కృష్ణాతీరం:
అందరికీ చాలా థాంక్స్. రాత్రంతా కూర్చుని కుతుబ్ అంతస్తుల ఎత్తులు ట్రేసింగ్ పేపర్ మీద గీసి, నా ఎలివేషన్ (టవర్ ఎదురుగా కనిపించే బొమ్మ) మీద పెట్టాను. గాలిలెక్క గారు చెప్పినట్టు 16, 11, 8, 5 గుంపులుగా విడగొట్టాను. ప్రతి గుంపు చివరా ఒక అంతస్తు ఖాళీగా వదిలాను, గాలి వెళ్ళడానికి. అట్టముక్క మళ్ళీ అడ్డం పెట్టి చూశాను. ఈసారి పైన ఏదో పోయినట్టు తెలుస్తోంది! మెహ్రౌలీవాసి అంకుల్, పొద్దున ఎండ కూడా గీశాను. తూర్పు వైపు ఫిన్స్ (గోడ మీది నిలువు పట్టీలు) అన్నీ చదునైన పలకలే, నీడే పడటం లేదు, అవి మార్చాలి. గచ్చుపని అన్నా, కింద ఏం చేయాలో మాత్రం ఇంకా తోచలేదు. రెండు అంతస్తులు స్తంభాల మీద లేపితే సరిపోతుందా?

గచ్చుపని:
లేపితే చాలదు చెల్లీ. ఆ నీడలో కూర్చోవడానికి అరుగు గీయి, తాగడానికి నీళ్ళు పెట్టు. రోడ్డు మీద నడిచేవాళ్ళు ఆ మూల నుంచి ఈ మూలకి అడ్డంగా దాటిపోగలగాలి. షీట్ అయ్యాక ఇక్కడ పెట్టు, మా నాన్నకి చూపిస్తాను.