పాఠకుల సూచనలు పేరు లేకుండా తీసుకోవచ్చా?

నిర్వాహక సంఘ సభ్యుడు

బెంగళూరు విజయనగరంలోని మన పఠనాలయంలో ఏ పుస్తకాలు కొనాలో, తలుపులు ఎప్పుడు తెరవాలో పాఠకులు చెప్పడానికి ఇప్పటివరకు బల్ల మీది సూచనల పుస్తకం ఒక్కటే దారి. గడచిన ఏడాదిలో అందులో 11 సూచనలు వచ్చాయి, వాటిలో 4 ఒకే చేతివ్రాతలో ఉన్నాయి. అందుచేత తలుపు పక్కన ఒక క్యూఆర్ కోడ్ అతికించి, ఫోనులో చిన్న పత్రం తెరుచుకునేలా చేసి, పేరు రాయాలన్న నిబంధన లేకుండా సూచనలు తీసుకుందామని ప్రతిపాదన వచ్చింది. వచ్చే నెల సమావేశానికి ముందే సభ్యుల అభిప్రాయాలు తెలియజేయగలరు.

విజయనగరం వాసి

నేను దీన్ని పూర్తిగా వ్యతిరేకిస్తున్నాను. జపాన్‌లో 1721లో ఎనిమిదో షోగన్ (సైనిక పాలకుడు) తొకుగావా యోషిమునే ఎదో (నేటి టోక్యో) నగరంలో ప్రజల విన్నపాల కోసం ఒక పెట్టె పెట్టించినప్పుడు, పేరూ చిరునామా రాసి తీరాలన్నది నియమం. పేరు రాయాలన్నందుకు జనం భయపడి మానుకోలేదు. పేదలకు వైద్యశాల కావాలని ఒక వైద్యుడు అందులో కాగితం వేస్తే, 1722లోనే ఆ నగరంలోని కొయిషికావాలో ఆ వైద్యశాల వెలిసింది, దాని నిర్వహణ కూడా ఆయన చేతికే వచ్చింది. రాసినవారెవరో తెలియకపోతే ఆ బాధ్యత ఎవరికి అప్పగించేవారు?

నా అనుభవం కూడా చెప్పాలి. ఆరేళ్లుగా ప్రతి ఆదివారం నేను ఆ బల్ల దగ్గర కూర్చుని పుస్తకాలకు సంఖ్యలు వేస్తున్నాను. రెండేళ్ల క్రితం ఒక పుస్తకంలో పేరు లేని చీటీ దొరికింది. బల్ల దగ్గరి పెద్దాయన ముఖం చూస్తే లోపలికి రాబుద్ధి కావడం లేదని అందులో రాసి ఉంది. రాసినవారెవరో తెలిస్తే ఏ రోజు ఏం జరిగిందో అడిగి, తప్పు నాదైతే క్షమాపణ చెప్పుకునేవాణ్ణి. ఈనాటికీ ఎవరు లోపలికి వచ్చినా, ఆ చీటీ వీరిదేనేమోనన్న అనుమానం నన్ను వదలడం లేదు.

మారతహళ్ళి పాఠకుడు

పత్రం పనిచేసే తీరు తెలిస్తే సగం సందేహాలు తీరుతాయి. గూగుల్ ఫారంలో ఒకరు ఒక్కసారే జవాబివ్వాలన్న నియమం పెడితే, రాసేవారు తమ గూగుల్ ఖాతాతో లోపలికి రావలసి ఉంటుంది. ఈమెయిల్ చిరునామా సేకరించే సదుపాయాన్ని మనం వేరుగా ఎంచుకుంటే తప్ప ఆ చిరునామా మనకు కనిపించదు. కానీ ఖాతా వివరాలు అడగగానే, తమ పేరు తెలిసిపోతుందనుకుని చాలామంది అక్కడే ఆగిపోతారు. కాబట్టి ఆ నియమం వద్దు.

మరొక సంగతి. వచ్చిన సూచనలన్నింటినీ అందరికీ చూపించి ఓట్లు వేయించే పద్ధతి కూడా మనకు వద్దు. మొదటి వారం వచ్చినవి పైన నిలిచి, పైన ఉన్నాయి కనుకనే మరిన్ని ఓట్లు సంపాదిస్తాయి. మంచి సూచన ఆలస్యంగా వస్తే అది అట్టడుగున ఎవరి కంటా పడకుండా మిగిలిపోతుంది.

విజయనగరం వాసి

అంటే ఖాతా అడగకపోతే ఒకే వ్యక్తి పదిసార్లు రాయవచ్చునని మీరే ఒప్పుకుంటున్నారు. పది మంది అడిగారనుకుని మనం చందాల డబ్బుతో పుస్తకాలు కొంటాం. దీనికి మీ జవాబేమిటి?

మారతహళ్ళి పాఠకుడు

మనం జరిపేది ఎన్నిక కాదు, లెక్కించి గెలుపోటములు ప్రకటించడానికి. మెట్ల దగ్గర దీపం వెలగడం లేదని ఒకరు పదిసార్లు రాసినా, పది మంది ఒక్కొక్కసారి రాసినా, మనం చేయవలసిన పని ఒక్కటే, వెళ్లి ఆ దీపాన్ని చూడటం. నన్ను నిజంగా కలవరపెడుతున్నది వేరే ఉంది. సూచనల పుస్తకంలోని 11 సూచనల్లో ఎన్నింటి కింద మన జవాబు ఉంది? నిన్న వెళ్లి చూశాను. రెండింటి కింద ఉంది. జవాబు రాదని తెలిసినచోట కాగితం పెట్టినా ఫోను పెట్టినా రెండో నెలకు ఎవరూ రాయరు.

కొత్త సభ్యుడు

చూపు మందగించిన పెద్దలు ఫోనులో ఎలా రాయగలరు? పుస్తకాన్ని తీసివేయవద్దని మనవి.

విజయనగరం వాసి

జవాబు రాయడానికి మనిషి కావాలి. ఆదివారం నేను ఒక్కణ్ణే ఉంటాను. సూచించడానికి నలభై మంది ఉన్నారు, బీరువా దుమ్ము దులపడానికి మాత్రం ఎవరూ లేరు. తెరిచిన పుస్తకం, పక్కనే కలం అక్కడ ఉన్నాయి. ఎదురుగా నిలబడి రాసే ధైర్యం లేనివారి కోసం మనం కొత్త ఏర్పాట్లు చేయనవసరం లేదు.

హొసూరు రోడ్డు

ఇంతవరకు చదువుతూ ఊరుకున్నాను. ధైర్యం అన్న మాట వచ్చింది కనుక రాస్తున్నాను. దీన్ని నేను చెబుతుంటే మా అబ్బాయి తెలుగులో టైపు చేస్తున్నాడు. ఎందుకంటే నాకు తెలుగు రాయడం రాదు.

మా తాతల కాలం నుంచి మేము బెంగళూరువాళ్లమే. ఇంట్లో తెలుగే మాట్లాడతాం, బడిలో కన్నడమే చదివాను. రెండు లిపులూ దగ్గరివి కావడంతో కూడబలుక్కుంటూ తెలుగు చదవగలను, అలా చదువుకోవాలనే మీ దగ్గరికి వచ్చాను. మీ సూచనల పుస్తకం మొదటి పుటలో, సూచనలు తెలుగులోనే రాయవలెనని ఎర్ర సిరాతో రాసి ఉంది. రెండుసార్లు కలం తీసుకుని మళ్లీ అక్కడే పెట్టేశాను. కన్నడంలో రాస్తే చదివేవారికి కోపం వస్తుందేమోననుకున్నాను.

పోనీ నోటితో చెబుదామని ఉగాది సమావేశంలో లేచి, ఆదివారం స్వల్ప ముందే తెరవండి అని అడిగాను. కొంచెం అనకుండా కన్నడంలోలాగా స్వల్ప అన్నానని వెనుక వరుసలో నవ్వారు. ఒకాయన, తెలుగులో చెప్పమ్మా అన్నారు. నేను చెప్పింది తెలుగే కదా, అన్నగారూ. ఆ తర్వాత నేనేం అడగాలనుకున్నానో ఎవరూ వినలేదు. పేరు దాచుకోవాలన్న కోరిక నాకు ఏమాత్రం లేదు. నన్ను చూడగానే నవ్వేవారి ఎదుట మళ్లీ నిలబడలేక, ఈ ఫోను పత్రం వస్తే బాగుండునని కోరుకుంటున్నాను.

మారతహళ్ళి పాఠకుడు

అక్కయ్యా, ఆ రోజు వెనుక వరుసలో నేనూ ఉన్నాను. నేను నవ్వలేదు గానీ, నవ్వినవారిని వారించనూ లేదు. అందుకు క్షమించండి.

గ్రంథాలయ శాస్త్రానికి 1931లో ఐదు సూత్రాలు రాసి ఇచ్చిన రంగనాథన్ గారు తన చివరి సంవత్సరాలు ఈ నగరంలోనే గడిపి 1972లో ఇక్కడే కన్నుమూశారు. వాటిలో రెండో సూత్రం ప్రతి పాఠకునికీ తన పుస్తకం అందాలంటుంది. ఏ పుస్తకం కావాలో చెప్పుకునే దారిలోనే మనం అడ్డు నిలిస్తే ఆ సూత్రం ఎలా నెరవేరుతుంది? మనం పేరు గురించి ఇంతసేపు వాదించుకున్నాం, అసలు అడ్డంకి ఎర్ర సిరాతో రాసిన ఆ ఒక్క వాక్యం.

విజయనగరం వాసి

ఆ వాక్యం రాసింది నేనే. ఎందుకు రాశానో కూడా చెబుతాను. నేను 1994లో అనంతపురం నుంచి వచ్చాను. మా మనుమలు ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడతారు, వీధిలో కన్నడం, హిందీ వింటారు. తెలుగు అక్షరం రాయవలసిన అవసరం ఉన్న బల్ల ఈ వీధిలో ఒక్కటైనా ఉండాలని నా కోరిక. ఆ ఒక్క బల్ల దగ్గర కూడా మరో భాషలో రాయవచ్చునంటే, పదేళ్లకు అక్కడ తెలుగు రాసేవారు ఉంటారా అన్న భయం నాకు ఇప్పటికీ ఉంది. అమ్మా, మిమ్మల్ని దూరం పెట్టాలన్న ఉద్దేశం మాత్రం నాకు ఎన్నడూ లేదు. మీరు చదవడానికి వచ్చారన్న సంగతి కూడా నాకు ఇవాళే తెలిసింది.

పేరు లేని సూచనల విషయంలో నా అభిప్రాయం మారలేదు, సమావేశంలోనూ వ్యతిరేకంగానే చెబుతాను. కానీ ఈ ఆదివారం ఆ పుటను తీసివేస్తాను. కన్నడంలో రాసినా చదువుతాను, జవాబు తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తాను.

హొసూరు రోడ్డు

మంచిది. మీ జవాబును కూడబలుక్కుంటూ చదువుకుంటాను. ఆదివారం పది గంటలకు తెరుస్తున్నారు, ఆ వేళకు నేను వంట పనిలో ఉంటాను. తొమ్మిదికి తెరవగలరా అన్నదే ఆ రోజు నేను అడగాలనుకున్నది.

నిర్వాహక సంఘ సభ్యుడు

తొమ్మిదికి తెరవాలంటే తాళం చెవి ఉన్న మరొకరు కావాలి. ఆ గంటసేపు ఎవరు కూర్చోగలరో ఇక్కడే తెలియజేయగలరు. క్యూఆర్ కోడ్ మీద ఓటింగు వచ్చే నెల సమావేశంలో జరుగుతుంది.

కొత్త సభ్యుడు

నెలలో రెండు ఆదివారాలు నేను రాగలను.