అప్‌డేట్: కీరాదోస చేదు పోయింది

ఇంట్లో చేసే కీరాదోస సలాడ్ చేదుగా, నీరు కారుతూ ఉంటోందని పోయిన వారం అడిగాను కదా. మీరు చెప్పినట్టే నిన్న పొద్దున్నే రావులపాలెం మార్కెట్‌కు వెళ్లాను. లంక తోటల కాయలు ఇంకా తడితో మెరుస్తున్నాయి. లావుగా, పసుపు తిరిగినవి వదిలేసి సన్నగా, గట్టిగా ఉన్నవే ఏరుకున్నాను. కొసలు నొక్కి చూసి మెత్తబడినవి పక్కన పెట్టాను.

చేదుకు కారణమైన కుకుర్బిటాసిన్ తొడిమ వైపు ఎక్కువ కాబట్టి అక్కడ అంగుళం కోసేసి, ముందు ఒక ముక్క రుచి చూశాను. బాగా చేదున్న కాయను పూర్తిగా పారేయమన్నవారికి ప్రత్యేక కృతజ్ఞతలు. ఇన్నాళ్లూ ఉప్పు రుద్ది తినేసేవాళ్లం. ఉప్పు, నిమ్మరసం వడ్డించే ముందే కలిపితే ముక్కలు కరకరలాడాయి! అత్తయ్యగారు మారు అడిగి వేయించుకున్నారు.

టమాటా మాత్రం ఇంకా నీరు వదులుతోంది. రేపు గింజల గుజ్జు తీసేసి చూస్తాను.