పైథాన్‌తో పీడీఎఫ్ చేస్తుంటే వత్తులు ఊడిపోతున్నాయి, ఎవరైనా చూస్తారా?

పద్దుపుస్తకం:

నేను ప్రోగ్రామర్‌ని కాదండీ, లెక్కలు చూసుకునే ఉద్యోగం. ఎక్సెల్‌తో వేగలేక రెండేళ్ల కిందట పైథాన్ నేర్చుకున్నాను. ఇప్పుడు ఒక పోటీలో పాల్గొన్న 412 మందికి ప్రశంసాపత్రాలు చేసిపెడతానని నోరు జారాను. పేర్లన్నీ ఒక సీఎస్‌వీ ఫైల్లో (కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ పట్టిక) ఉన్నాయి. ఒక్కో పేరూ తీసుకుని, రిపోర్ట్‌ల్యాబ్ అనే పీడీఎఫ్ లైబ్రరీతో అడ్డం ఏ4 పేజీ మీద వేసి సేవ్ చెయ్యాలి, అంతే పని.

మొదట ఏ ఫాంటూ చెప్పకుండా నడిపితే పేరు రావాల్సిన చోటల్లా నల్ల గళ్లు వచ్చాయి. పీడీఎఫ్‌కి ముందే తెలిసిన 14 ఫాంట్లలో తెలుగు లేదని చదివి, నోటో శాన్స్ తెలుగు రిజిస్టర్ చేశాను. అక్షరాలైతే వచ్చాయి. కానీ అవేం అక్షరాలండీ! పైన హెడ్డింగ్ "ప్‌రశంసాపత్‌రం" అని పడుతోంది. ప నెత్తిన పొల్లు, పక్కన పూర్తి ర. "సా" చూస్తే స తలకట్టు అలాగే ఉంది, దాన్ని గుద్దుకుంటూ దీర్ఘం వచ్చి కూర్చుంది. ఇంక "జ్యోత్స్న" అనే పేరు సంగతి చెప్పను, ఆ అమ్మాయికి చూపిస్తే కాగితం చింపేస్తుంది.

అదే ఫాంట్ నోట్‌ప్యాడ్‌లో పెడితే అన్నీ చక్కగా ఉన్నాయి. కాబట్టి తప్పు ఫాంట్‌ది కాదు. నాదా, లైబ్రరీదా? ఎల్లుండి పొద్దున ప్రింటుకివ్వాలి, టెన్షన్‌గా ఉంది.

రాత్రిపూటకోడు:

ఇంత గొడవ ఎందుకు, పిల్లో లైబ్రరీతో పేరుని బొమ్మగా గీసి పీడీఎఫ్‌లో అతికించెయ్యండి. నేనలాగే చేస్తాను.

సెమీకోలన్:

బొమ్మ వద్దండీ. పిల్లోకి కూడా రాక్మ్ అనే లైబ్రరీ తోడు లేకపోతే ఇవే విరిగిన వత్తులు వస్తాయి. తోడున్నా, పెద్ద సైజులో ప్రింట్ చేస్తే అంచులు మసకబారతాయి, పేరు వెతికితే దొరకదు.

అసలు జరుగుతున్నది ఇదీ. మీ సీఎస్‌వీలో "ప్ర" అంటే మూడు సంకేతాలు: ప, పొల్లు, ర. యూనికోడ్‌లో తెలుగుకి 128 స్థానాలున్న బ్లాకు ఉంది కానీ అందులో ర వత్తు ఆకారానికి విడిగా చోటు లేదు, ఏ వత్తుకీ లేదు. ఆ ఆకారాలన్నీ ఫాంట్ ఫైలు లోపల ఉంటాయి. ఈ మూడూ వరసగా వస్తే ఫలానా ఆకారం పెట్టు అనే పట్టిక కూడా ఫాంట్‌లోనే ఉంటుంది. ఆ పట్టిక చదివి ఆకారాలు ఎంచే పనిని షేపింగ్ అంటారు. నోట్‌ప్యాడ్‌లో ఆ పని విండోస్ చేసిపెడుతోంది. పీడీఎఫ్ చూపించే ప్రోగ్రాం మాత్రం ఆ పని చెయ్యదు. ఫలానా ఆకారం ఫలానా చోట అని ఫైల్లో ఏముంటే అదే గీస్తుంది. అంటే షేపింగ్ అంతా ఫైలు రాసేటప్పుడే అయిపోవాలి. రిపోర్ట్‌ల్యాబ్ తనంతట తాను ఆ పని చెయ్యదు. సంకేతానికొక ఆకారం చొప్పున పేర్చుకుంటూ పోతుంది. కాబట్టి తప్పు మీది కాదు.

మీ పని చిన్నది కాబట్టి ఎఫ్‌పీడీఎఫ్2 అనే ఇంకో పీడీఎఫ్ లైబ్రరీకి మారండి. దాంతోపాటు షేపింగ్ చేసిపెట్టే యూహార్ఫ్‌బజ్ కూడా ఇన్‌స్టాల్ చెయ్యండి. ఫాంట్ జతచేశాక "సెట్ టెక్స్ట్ షేపింగ్" అనే ఫంక్షన్‌కి ట్రూ ఇవ్వండి. ఆ ఒక్క లైనుతో వత్తులు దారికొస్తాయి.

పద్దుపుస్తకం:

వివరంగా చెప్పారు, థాంక్యూ అండీ. కానీ నా దగ్గర ఆ ఫంక్షనే లేదంటోంది. అట్రిబ్యూట్ ఎర్రర్. స్పెల్లింగ్ నాలుగుసార్లు చూసుకున్నాను.

సెమీకోలన్:

పాత ఎఫ్‌పీడీఎఫ్ ఇన్‌స్టాల్ అయి ఉంటుంది, పిప్ లిస్ట్ కొట్టి, ఇన్‌స్టాల్ అయిన లైబ్రరీల జాబితా చూడండి. పాతది 1.7.2 దగ్గర, 2015లోనే ఆగిపోయింది. చిక్కేమిటంటే రెండిటినీ ఇంపోర్ట్ చేసేది ఒకే పేరుతో. రెండూ ఉంటే ఒకదాని ఫైళ్లు ఇంకోదాని మీద పడతాయి. రెండూ తీసేసి, చివర 2 ఉన్నదాన్ని మాత్రమే మళ్లీ వేసుకోండి. షేపింగ్ వచ్చింది 2.7.5లో, కాబట్టి అంతకంటే పాతది వద్దు.

పద్దుపుస్తకం:

నిజంగానే రెండూ ఉన్నాయి! తీసేసి వేశాను. "ప్రశంసాపత్రం" ముత్యంలా వచ్చింది. జ్యోత్స్న కూడా. కాసేపు స్క్రీన్ వంకే చూస్తూ కూర్చున్నాను.

కానీ రెండు కొత్త తలనొప్పులు. ఒకటి, పేజీలో అన్నీ తలకిందులయ్యాయి. కింద ఉండాల్సిన తేదీ పైన ఎక్కడో ఉంది, పేరు అసలు కనిపించట్లేదు. రెండు, "రామ్‌కుమార్" అనేది "రామ్కుమార్" అని పడుతోంది. కు కాస్తా మ కింద వత్తయిపోయింది, దాని కొమ్ము ఎగిరి మ మీదికెక్కింది. ఇలాంటివి ఓ ముప్ఫై పేర్లున్నాయి. రిపోర్ట్‌ల్యాబ్‌లో ఈ మ్, కు మాత్రం సరిగ్గా విడివిడిగానే వచ్చాయి, అదీ నా బాధ.

సెమీకోలన్:

మొదటిది తేలిక. రిపోర్ట్‌ల్యాబ్ పేజీ కింది ఎడమ మూల నుంచి పాయింట్లలో కొలుస్తుంది, అంగుళానికి 72. ఎఫ్‌పీడీఎఫ్2 పై ఎడమ మూల నుంచి, మీరేం చెప్పకపోతే మిల్లీమీటర్లలో కొలుస్తుంది. అడ్డం ఏ4 ఎత్తు 595.28 పాయింట్లు. పాతదాంట్లో పేరు 310 దగ్గర ఉందనుకోండి, 595.28లోంచి 310 తీసేస్తే 285.28. దాన్ని 25.4తో హెచ్చించి 72తో భాగిస్తే 100.6 మిల్లీమీటర్లు. మీ పేరు బహుశా పేజీ దాటిపోయి ఉంటుంది, ఎందుకంటే ఈ పేజీ ఎత్తు 210 మాత్రమే. ఇంకోమాట, ఇక్కడ సెల్‌కి (అక్షరాలని ఒక పెట్టెలో వేసే ఫంక్షన్) మీరిచ్చేది పెట్టె పై అంచు. పాతదాంట్లో ఇచ్చింది అక్షరాలు నిలబడే గీత. కాబట్టి కొద్దిగా అటూఇటూ జరపాల్సొస్తుంది.

రెండోదానికి ఒక ప్రశ్న. సీఎస్‌వీ చదివేటప్పుడు పేర్లని "శుభ్రం" చేస్తున్నారా?

పద్దుపుస్తకం:

అయ్యో, చేస్తున్నాను! రిపోర్ట్‌ల్యాబ్‌తో కుస్తీ పడేటప్పుడు కొన్ని పేర్ల మధ్యలో ఖాళీ డబ్బా ఒకటి వచ్చింది. ఆరా తీస్తే కంటికి కనపడని అక్షరమేదో ఉందని తేలింది, యూనికోడ్ సంఖ్య 200సీ. చెత్త అనుకుని రీప్లేస్‌తో మొత్తం తీసేశాను.

సెమీకోలన్:

అదే దొంగ. కాదు, కాపలాదారు. మ్ తర్వాత వచ్చే క ని వత్తుగా మార్చకు, విడిగా ఉంచు అని చెప్పేది అదే. షేపింగ్ లేనప్పుడు దాంతో పనిలేదు, ఏ వత్తూ ఏర్పడదు కాబట్టి అక్కడ బాగున్నట్టు కనిపించింది. ఇప్పుడు షేపింగ్ వచ్చింది, కాపలా లేదు. ఆ రీప్లేస్ లైను తీసెయ్యండి.

పాతకాపు:

ఆలస్యంగా చూశాను. ఒక్క పేజీకి ఇది చాలు. కానీ పట్టికలు, పేరాలు, పేజీ నంబర్లు ఉన్న రిపోర్టయితే వీజీప్రింట్ చూడండి. హెచ్‌టీఎంఎల్ రాసిస్తే పీడీఎఫ్ చేస్తుంది, లోపల షేపింగ్ చూసుకునే ప్యాంగో అనే లైబ్రరీ ఉంటుంది కాబట్టి తెలుగు గురించి విడిగా ఏమీ చెప్పక్కర్లేదు. విండోస్‌లో ఆ ప్యాంగోని ఎక్కించడానికి మాత్రం ఓపిక కావాలి, నాకు ఒక సాయంత్రం పట్టింది.

ఏది వాడినా, వచ్చిన పీడీఎఫ్‌లోంచి ఒక పేరు కాపీ చేసి వేరేచోట పేస్ట్ చేసి చూడండి. కంటికి బాగున్నది కాపీలో చెదరొచ్చు. ప్రింటుకే అయితే పట్టించుకోనక్కర్లేదు, ఆన్‌లైన్‌లో పెట్టి జనాన్ని వెతుక్కోమంటే మాత్రం పట్టించుకోవాలి.

పద్దుపుస్తకం:

లైను తీసేశాను, రామ్‌కుమార్ కుదురుకున్నాడు. తొమ్మిది పేర్లలో ఆ కనపడని అక్షరం అసలు టైప్ చేసినప్పుడే లేదు, వాటిని చేత్తో సరిచేశాను.

తర్వాత చూసుకుంటే పొడవాటి పేర్లు బోర్డర్ దాటి పోతున్నాయి. "గెట్ స్ట్రింగ్ విడ్త్"తో కొలిచి, 230 మిల్లీమీటర్లు దాటితే ఫాంట్ సైజు 34 నుంచి ఒక్కొక్కటి తగ్గించుకుంటూ వచ్చి 22 దగ్గర ఆపాను. మొదట షేపింగ్ ఆన్ చెయ్యకముందే కొలిచాను, వత్తులున్న పేర్లన్నీ అనవసరంగా చిన్నవైపోయాయి. ఆ రెండు లైన్ల వరస మార్చాక సరిపోయింది. ఒక్క పేరు మాత్రం 22లో కూడా పట్టలేదు, ఇంటిపేరు పై లైన్లో, అసలు పేరు కింద లైన్లో వేశాను.

కాపీ చేసి చూశాను, పాతకాపు గారన్నట్టే ఒకటిరెండు చోట్ల చెదిరింది. మాది ప్రింటే కాబట్టి వదిలేశాను. 412 పేజీలూ ఒకే ఫైలుగా ఇప్పుడే పంపించాను.