విదేశీ గ్రాంటు మా కాలేజీకి రావాలంటే దారేంటండి?

నమస్కారమండి, మాది పర్లాకిమిడి, ఇక్కడ చిన్న కాలేజీలో సోషల్ వర్క్ చెప్తున్నాను. నేపాల్‌లో ఒక కాలేజీ వాళ్ళూ మేమూ కలిసి, పిల్లలు వలస వెళ్ళిపోతే ఇంటి దగ్గర మిగిలిపోయిన ముసలివాళ్ళ మీద ఫీల్డ్‌వర్క్ కోర్సు ఒకటి తయారు చేద్దామనుకున్నాం. మొన్న ఓ సవర ఊళ్ళో మా స్టూడెంటు ఒక ముసలామె సవరలో చెప్పింది విని, పక్కనున్నవాళ్ళకి ఒడియాలో చెప్పి, నోట్‌బుక్‌లో మాత్రం తెలుగులో రాసుకుంది, ఇలాంటి పిల్లల పని బయటి దేశం వాళ్ళు చూడాలని నా ఆశ.

రెండు దేశాల స్కూళ్ళు కలిసి చేసే ప్రాజెక్టులకి ఐఏఎస్‌ఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ కాలేజీల అంతర్జాతీయ సంఘం) చిన్న గ్రాంట్లు ఇస్తుంది, అప్లై చేద్దామంటే డబ్బు దగ్గర ఆగిపోయాం. మా ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ, అంటే విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్ట్రేషన్, లేదు. ఆ రిజిస్ట్రేషన్ ఉన్న తెలిసిన సంస్థ ఒకటి తన అకౌంట్లో వేయించుకుని మాకిస్తానంటోంది, కానీ ఆ చట్టానికి 2020 సవరణ తర్వాత అలా ఇంకో సంస్థకి మళ్ళించకూడదు కదండీ, పైగా డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి అకౌంట్లోకే రావాలి.

ప్రయర్ పర్మిషన్ (రిజిస్ట్రేషన్ లేనివాళ్ళు ఫలానా గ్రాంటు కోసం కేంద్రం దగ్గర ముందే తీసుకునే అనుమతి) తీసుకున్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఎన్ని నెలలు పట్టింది? గ్రాంటు నేపాల్ కాలేజీ పేరునే తీసుకుని మా పిల్లల టికెట్లు వాళ్ళే కొంటే అదీ విదేశీ విరాళం కిందకే వస్తుందా? ఆడిటర్లు తలో మాట చెప్తున్నారు. బరంపురం, రాయగడ వైపు ఎవరైనా చేసుంటే చెప్పండి, నేనే వచ్చి కలుస్తాను.