మెడపట్టీ ఎవరిది? పర్లాకిమిడి కొమ్ముపని మీద ఒక తగువు

గజపతిపిల్ల:
మాది ఒడిశాలోని పర్లాకిమిడి. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఇప్పుడు చదువుతున్నది శిల్పం. గేదె కొమ్ముతో ఒక మెడపట్టీ తయారైంది. పెట్టుకుంటే గడ్డం కిందికి దిగదు, తల వంచడం కుదరదు. తల దించుకుని నడవమని పెంచిన ఒళ్లు కదా మాది, దానికి నా జవాబు అది. బొమ్మ గీసింది నేను, నా మెడకు ప్లాస్టర్ అచ్చు తీసిందీ నేనే. కొమ్ము కాచి, వంచి, ఆకురాయి పట్టింది మాత్రం మా వీధిలో కొమ్ముపని చేసే పెద్దాయన. ప్రదర్శనలో పక్కన నా పేరు ఒక్కటే పెట్టాను. "ఇది నువ్వు చేసింది కాదు, చేయించుకున్నది" అని ఒక సీనియర్ అన్నారు. మన ఒంటి సంగతి చెప్పే వస్తువును మన చేత్తోనే చేయాలా?

మగ్గంగుంత (బరంపురం):
చేయాలి. శిల్పి మృణాళినీ ముఖర్జీ (1949–2015) నార తాళ్లతో ముడి మీద ముడి వేసుకుంటూ పోయి మనిషిని మించిన ఆకారాలు నిలబెట్టారు. 'యక్షి' చూస్తే దేవతా, చెట్టా, ఆడమనిషి ఒళ్లా తేల్చుకోలేం. ఆ ముడులు వేసిన వేళ్లు మనకు తెలుస్తూనే ఉంటాయి. కళాకారిణి షీలా గౌడ 1998లో సూదులకు దారాలు ఎక్కించి, వాటిని కలిపి కుంకుమ పట్టించి, సూదులు చివర వేలాడే ఎర్రటి తాళ్లు చేశారు. ఆ ఓపిక, ఆ నొప్పి, అదే అక్కడి విషయం. కూలికి వేరేవాళ్లతో ఎక్కిస్తే ఏం మిగిలింది? మాది నేతపని ఇల్లు. చీర డిజైన్ కాగితం మీద గీసినవాడికి పేరొస్తుంది, నేసినవాడికి నడుం నొప్పి వస్తుంది. అందుకే నాకు ఈ మాట మీద కొంచెం కోపం ఎక్కువే.

రాయగడ_రైలు:
అన్నా, సగమే చెప్పావు. అదే షీలా గౌడ 2009లో చేసిన 'బిహోల్డ్' సంగతేటి? కారు బంపర్లను మోస్తున్న నాలుగు వేల మీటర్ల జుట్టు తాడు. ఆ జుట్టు ఆమెది కాదు, గుళ్లలో మొక్కు తీర్చుకున్నవాళ్లది. దిష్టి తగలకుండా బండ్లకు కట్టే తాళ్లలాంటివే అవి. ఎన్ని తలల జుట్టు అందులో ఉందో! ఇంకో కళాకారిణి భారతీ ఖేర్ 2006లో చేసిన ఏనుగు బొమ్మ ఒళ్లంతా బొట్లే, వాటన్నిటినీ ఒక్క మనిషే అంటించిందని ఎవరైనా అనుకుంటారా?

ఇంకో మాట. మీ బరంపురంలోనే, రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్రలో పులి వేషం కట్టేవాడు రంగు తనే పూసుకుంటాడా? పూసేవాడు వేరు. మొక్కు మాత్రం ఆ ఒంటిదే.

మగ్గంగుంత (బరంపురం):
వేషగాడు ఆ పులిని అమ్ముకోడు తమ్ముడూ.

కొమ్ముకొన:
మా నాన్నది ఇదే పని. ఇంత మాట్లాడారు గాని కొమ్ము గురించి ఒక్కరూ అడగలేదు. కొమ్ము కొన గట్టిగా ఉంటుంది, మొదలు బోలుగా ఉంటుంది. పట్టీ రావాలంటే బోలు భాగాన్ని కోసి, వేడిమీద మెత్తబరిచి, అదిమి చదును చేయాలి. వేడి తగ్గితే వంగదు, విరుగుతుంది. ఎక్కువైతే మాడుతుంది. మాడితే జుట్టు కాలిన కంపే, ఎందుకంటే కొమ్మూ, గోరూ, జుట్టూ అన్నీ కెరాటిన్ అనే ఒకే పదార్థం. ఆకురాయి పట్టినన్నాళ్లూ ఆ పొడి చేసేవాడి ముక్కులోకి పోతుంది. అంటే ఒంటి గురించి చేసిన ఈ వస్తువులోకి ఇంకో ఒళ్లు ముందే వచ్చేసింది. దాని మాటే లేదు మీ చర్చలో.

అక్కా, ఒకటి అడుగుతాను. మెడ చుట్టూ ఒకే ముక్క రావడం కష్టం. అతుకు ఎక్కడ పెట్టారు?

గజపతిపిల్ల:
మూడు ముక్కలు. నేను అతుకు ముందు వైపు, గొంతు మీద గీశాను. ఆయన ఒప్పుకోలేదు. మింగినప్పుడల్లా గుచ్చుకుంటుందని చెవి కిందికి జరిపారు. నా మెడ మీద కొలిచి మరీ జరిపారు.

కొమ్ముకొన:
మరి ఆ నిర్ణయం ఎవరిది? ఆలోచన మీదే, కాదనను. కానీ చెప్పినట్టు వంచి ఇవ్వడం వేరు, మీ గీత తప్పని దిద్దడం వేరు. పేరు పెట్టాల్సింది ఆ దిద్దుబాటుకు.

రాయగడ_రైలు:
దీనికి నేనూ ఒప్పుకుంటాను. పైగా ముందు ముందు అవసరం కూడా. అమెరికా శిల్పి ఇవా హెస్ 1969లో 'కంటింజెంట్' అనే పని చేశారు, పలచని గుడ్డకు లేటెక్స్ పూసి, ఫైబర్‌గ్లాస్ కలిపి వేలాడదీసిన పలకలు, చర్మంలా ఉంటాయి. అప్పటికే ఆవిడకు జబ్బు, సహాయకుల చేతులు అందులో ఉన్నాయి. 1970లో 34 ఏళ్లకే పోయారు. లేటెక్స్ ఏళ్లు గడిచేకొద్దీ రంగు మారి బిరుసెక్కుతుంది, వాటినేం చేయాలో మ్యూజియంలకు తలనొప్పే. కొమ్ముకు పురుగు పడుతుంది, ఎండకు చీలుతుంది. మెడపట్టీ పగిలినప్పుడు మీ గీత చూసి ఎవరూ అతకలేరు. ఎవరి దగ్గరికి వెళ్లాలో ఎక్కడో ఒకచోట రాసి ఉండాలి కదా.

మగ్గంగుంత (బరంపురం):
పేరు సరే. డబ్బు సంగతి? పలక మీద పేరు రాసి, చేతిలో కూలి పెడితే నాకు ఇంకా మంట.

గజపతిపిల్ల:
ఇవాళ వెళ్లి అడిగాను. పేరు వద్దన్నారు! వినయం అనుకునేరు. ఎడమ వైపు అతుకు కనిపిస్తోందట, అలాంటి దాని మీద తన పేరుంటే వీధిలో నవ్వుతారట. "ఇంకోటి చేద్దాం, దానికి పెట్టు. దానికి కూలి వద్దు, అమ్ముడైతే సగం ఇయ్యి" అన్నారు. సగమా అని మా అమ్మ గొణుగుతోంది. నేను సరేనన్నాను.