నాన్నకి కొత్తగా షుగర్, 7 కిలోలు తగ్గారు. పాంక్రియాస్ (క్లోమం) కూడా చూపించాలా?

గాజువాక కుర్రాడు:
మా నాన్నకి 61. స్టీల్ ప్లాంట్‌లో చేసి రిటైరయ్యారు. సిగరెట్లు మానేశానంటారు గానీ మేడ మీద పూలకుండీలో పీకలు దొరుకుతూనే ఉంటాయి. మా వంశంలో ఎవరికీ లేని షుగర్ 4 నెలల క్రితం బయటపడింది. చిక్కిపోతున్నారేంటంటే "షుగరొస్తే చిక్కరా? పైగా చోడి అంబలి తాగుతున్నాను" అంటారు. కానీ బెల్టుకి మేకుతో మొదటి చిల్లు పొడిచింది సంక్రాంతికి ముందు. అప్పటికి షుగరూ తెలీదు, అంబలీ లేదు.

రాత్రి పడుకుంటే పైకడుపులో నొప్పి మొదలై వీపులోకి పోతుందట. లేచి తలగడ ఒళ్లో పెట్టుకుని ముందుకి వంగి కూర్చుంటే కాస్త నయం. గ్యాస్ మాత్రలు మింగుతున్నారు. స్కానింగ్ నార్మల్ అన్నారు. నిన్న రిపోర్టు తీసి చదివితే కింద చిన్న అక్షరాల్లో ఉంది: గ్యాస్ అడ్డురావడంతో పాంక్రియాస్ సరిగా కనబడలేదని! కామెర్లు లేవు కదా, పాంక్రియాస్ క్యాన్సర్ భయం లేనట్టేనా?

కంచరపాలెం అప్ప:
తమ్ముడూ, లేవని ధీమాగా ఉండకు. గడ్డ పాంక్రియాస్ తలభాగంలో ఉంటే పక్కనే ఉన్న పైత్యనాళాన్ని నొక్కుతుంది, అందుకే కామెర్లు వస్తాయి. మధ్యలోనో తోక దగ్గరో ఉంటే చాలాకాలం రాకపోవచ్చు. అప్పుడు కనబడేవి నువ్వు చెప్పిన నొప్పి, చిక్కిపోవడమే.

మా అమ్మకి కామెర్లే వచ్చాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. ఒళ్లంతా దురద, వీపు గోడకేసి రుద్దుకునేది. మూత్రం డికాషన్ రంగు, విరేచనం సున్నం కలిపినట్టు తెల్లగా. ఊళ్లో పసరు పోయిస్తే తగ్గుతుందన్నారు, పోయించాం. చేతి మీద వాత కూడా పెట్టించాం. 3 వారాలు అలా పోయాయి. సీటీలో చూస్తే గడ్డ రక్తనాళాన్ని చుట్టేసింది, ఆపరేషన్ కుదరదన్నారు. పైత్యనాళంలో స్టెంట్ (చిన్న గొట్టం) వేశాక దురద ఆగింది, అంతే. 3 వారాల ముందెళ్తే కుదిరేదో లేదో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అమ్మది అడ్డపొగ (నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగడం), రోజుకి 4 చుట్టలు. నోటికే ప్రమాదం అనుకునేవాళ్లం. పొగ దీనికీ కారణమేనని డాక్టర్ చెప్పేదాకా తెలీదు.

భీమిలి బాబాయ్:
ఇంటర్నెట్‌లో వెతికితే తలనొప్పి కూడా క్యాన్సరే. మా ఇంట్లో ముగ్గురికి షుగర్, ముగ్గురూ లావుగానే ఉన్నారు.

మద్దిలపాలెం ల్యాబ్:
బాబాయ్ మాటలో సగం నిజముంది. 50 దాటాక కొత్తగా షుగర్ వచ్చినవాళ్లలో, మూడేళ్లలో పాంక్రియాస్ క్యాన్సర్ బయటపడేది నూటికి ఒకరి లోపే. కానీ వాళ్ల ముగ్గురూ లావుగా ఉన్నారు, ఈయన చిక్కిపోతున్నారు. పైగా సిగరెట్, వీపులోకి పోయే నొప్పి. లెక్క మారుతుంది.

మా ల్యాబ్‌కి చాలామంది వచ్చి "సీఏ 19-9 రక్తపరీక్ష చేసేయండి, క్యాన్సరో కాదో తేలిపోతుంది" అంటారు. తేలదు. రాళ్లవల్ల కామెర్లొచ్చినా అది పెరుగుతుంది. కొందరి ఒంట్లో అసలు తయారే కాదు, గడ్డ ఉన్నా నార్మల్ చూపిస్తుంది. డబ్బులు దానికి తగలెయ్యకుండా గ్యాస్ట్రో డాక్టర్‌కి ఆ రిపోర్టులో చివరి లైను చూపించి, పాంక్రియాస్‌కి ప్రత్యేకంగా తీసే కాంట్రాస్ట్ సీటీ (నరంలోకి మందు ఎక్కించి తీసే స్కాన్) గురించి అడగండి. ముందు క్రియాటినిన్ (కిడ్నీల పరీక్ష) చూస్తారు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ మాత్ర వాడుతుంటే తప్పక చెప్పండి. దీర్ఘకాలపు పాంక్రియాస్ వాపులోనూ ఇవే లక్షణాలుంటాయి, ఇప్పుడే క్యాన్సర్ అని కూర్చోవద్దు. ఒకవేళ అదే అయితే అగనంపూడిలో టాటా మెమోరియల్ వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే.

కంచరపాలెం అప్ప:
ఇంకోటి. విరేచనం జిగటగా, నీటి మీద నూనె తెట్టులా తేలుతోందా అని అడుగు. పాంక్రియాస్ రసం అందక కొవ్వు అరగకపోతే అలా ఉంటుంది. మగవాళ్లు తమంతట చెప్పరు.

గాజువాక కుర్రాడు:
అడిగాను అప్పా. ముందు కోప్పడ్డారు. తర్వాత "రెండు సార్లు ఫ్లష్ చేసినా పోవట్లేదు, ట్యాంకులో నీళ్లు చాలట్లేదనుకున్నాను" అన్నారు. ప్లంబర్‌ని కూడా పిలిచారట!

డాక్టర్‌ని కలిశాం. సోమవారం పొద్దున్న సీటీ. పూలకుండీ నేనేం కదపలేదు, ఇవాళ ఆయనే ఖాళీ చేశారు.